గ్వాపా యను పిలుపు

స్పెయిను దేశపు దక్షిణభాగమున, గ్వాదల్కివీర్ నదీతీరమున సెవిల్ పట్టణము కలదు. మా యాడుబిడ్డ యచ్చట కాపురముండుటచే వేసవి సెలవులలో మావారితోగూడ మేము పోయి కొన్నిదినములుండి వచ్చితిమి.

నదికి ఆవలియొడ్డున త్రియానా యను పేట యున్నది. 1852వ సంవత్సరమున పూర్తియైన యినుపవంతెన దాటగనే అంగడి. మతభ్రష్టులని తలచినవారిని పూర్వము విచారించిన కోటయొక్క శిథిలములు ఆ యంగడిక్రింద నేటికిని గలవు. పైన మాత్రము చేపలు, పండ్లు, ఉప్పునీట నూరిన ఆలివుకాయలు, బేరముల సందడి.

మొదటిదినమున నొక నడివయసు వర్తకుడు కూరలు తూచియిచ్చుచు మావంక జూచి "గ్వాపా" యనెను. ఆ మాటకు "అందకత్తె" యని మావారి చేతిలోని నిఘంటువు చెప్పెను. మా ముఖము జేవురించెను. మన యిండ్లలో పసిపాపనైనను ముద్దుగా నున్నదని యెదుట ననినచో దిష్టి తగులునని యుప్పు తిప్పుదుము గదా! భర్త ప్రక్కన నిలిచిన పరస్త్రీని నిట్లు పిలుచుటా! చిల్లరయైనను పుచ్చుకొనక సంచితో వెడలివచ్చితిమి. ఆతడు చిల్లర చేతబట్టుకొని తెల్లబోయి నిలిచెను.

ఇంట సంగతి విని మా యాడుబిడ్డ నవ్వి, "వదినా, రేపు నాతో రండు. ఏమియు కొనవలదు, చెవులు మాత్రము తెఱచియుంచుడు" అనెను.

మఱునాడు అరగంటసేపు నిలిచి వింటిమి. కఱ్ఱ యూతగా వచ్చిన యెనుబదేండ్ల ముదుసలిని ఆతడు "గ్వాపా" యనెను. తల్లికొంగు పట్టుకొన్న పసిదానిని నదే పిలుపు. ఎదుటికొట్టున చేపలమ్ము స్త్రీయు వచ్చినవారి నందఱ నట్లే పిలుచుచుండెను. మగవారైనచో "గ్వాపో" యనుచుండెను. ఎవరికిని కోపము లేదు. మన యంగళ్లలో "అమ్మా, తల్లీ" యను పిలుపున కెంత బరువో, అచ్చట దీనికి నంతియే.

ఆ భాషలో "ఉండుట"కు రెండు క్రియలు గలవు. "ఎస్ గ్వాపా" యన్నచో స్వభావముచేతనే అందగత్తె; "ఎస్తా గ్వాపా" యన్నచో నిప్పుడు చక్కగా కనబడుచున్నదని భావము. పట్టణమున మకరేనా యను మేరీమాత విగ్రహము గలదు, చెక్కిళ్లపై కన్నీటిబిందువులు. ఈస్టరుకు ముందు గురువారము రాత్రి ఊరేగింపు వెడలునపుడు జనులు భక్తితో నామెను "గ్వాపా! గ్వాపా!" యని యెలుగెత్తి పిలుతురట. అంగడిలోని మాటయే యచ్చట స్తోత్రము.

ఈ శబ్దమునకు మూలము లాటినుభాషలోని "వప్పా" యని పండితులందురు. రుచి చెడిన ద్రాక్షాసవమునకును, పనికిమాలినవానికిని అది పేరు. స్పెయినున మొదట దుండగీడనియు, పిదప ధీరుడనియు, తుదకు సొగసుగాడనియు అర్థము మాఱెను. క్యూబాలో నేటికిని జగడమునకు దిగువానిని "గ్వాపో" యందురు. ఇది వింత గాదు. మన ధర్మశాస్త్రములలో "సాహస"మనగా బలాత్కారముతో జేసిన నేరము. నేడు మన బిడ్డల సాహసమును మెచ్చుకొనుచున్నాము.

అయినను సోదరీమణులారా, పిలుపు చోటునుబట్టి మాఱును. వీధిలో నపరిచితుడు వెంటబడి యదే మాట యన్నచో నచ్చటి స్త్రీలును సహింపరు. మాటకు నిఘంటువు చెప్పునది సగమే. కంఠస్వరము, కన్ను, నిలిచిన తావు తక్కిన సగమును చెప్పును. ఆ సగమును వినకయే మేము కోపగించితిమి.

బయలుదేఱుటకు ముందు ఆ కొట్టునకు మరల పోయితిమి. ఆతడు జంకుచు మౌనముగా తూచియిచ్చెను. మేము చిల్లర లెక్కించి పుచ్చుకొని "గ్రాసియాస్" అని నవ్వితిమి. అప్పు డాతని ముఖము విప్పారెను, "గ్వాపా" యనెను. ఈమాఱు మావారుకూడ నవ్విరి.

ఇల్లుచేరిన మఱునాడు ఆకుకూరల యవ్వ గుమ్మమున గంపదించి "తల్లీ" యని పిలిచెను. ఏండ్లతరబడి వినుచున్న పిలుపే. ఆనాడే మాకు వినబడెను.