తాడిపత్రి ఎండకు తగిన బట్టలు

తాడిపత్రిలో ఏం కట్టుకోవాలో ముందుగా చెప్పేది ఎండే. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఈ ఊళ్లో రోజువారీ వాడకానికి నూలును మించింది లేదు. అది చెమట పీలుస్తుంది, ఒంటికి గాలి ఆడనిస్తుంది. పాలిస్టర్ చొక్కా చవకే గానీ మే నెలలో వీపుకు అతుక్కుపోతుంది. నాపరాళ్లు కోసి పాలిష్ పట్టేచోట పనిచేసేవారికి రంగు కూడా ముఖ్యం: బూడిదరంగు రాతిపొడి నల్లబట్ట మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, లేత గోధుమరంగు మీద అంతగా కనిపించదు.

సొంత శైలి కొనుగోళ్ల సంఖ్యతో రాదు. ఎంపికలో నిలకడతో వస్తుంది. తనకు నప్పే రెండు మూడు రంగులు, ఒక అంచు వెడల్పు, కొలత బాగా తెలిసిన ఒక దర్జీ ఉంటే చాలు. ఈ విషయంలో అనంత సీమకు గొప్ప పాఠశాల లేపాక్షి. అక్కడి 16వ శతాబ్దపు వీరభద్రాలయం పైకప్పు చిత్రాల్లో చీరల మీద గళ్లు, చారలు, పూలు ఎన్ని రకాలో! రంగులు మాత్రం కొద్దివే. ఆ పొదుపే వాటి అందం. ధర్మవరం నేతగాళ్లు ఆ నమూనాలను పట్టు మీదికి తెచ్చారు. భౌగోళిక గుర్తింపు పొందిన ఆ ధర్మవరం పట్టుచీర పెళ్లిళ్లకు ఒక్కటున్నా ఏళ్ల తరబడి నిలుస్తుంది. రోజువారీ జీన్స్‌కు రాయదుర్గం కుట్టుకేంద్రాలు తాడిపత్రి ఉన్న జిల్లాలోనే ఉన్నాయి.

పట్టుచీరను నీడలో ఆరబెట్టి, ప్లాస్టిక్ కవరులో కాక పాత నూలుగుడ్డలో చుట్టాలి. అప్పుడప్పుడూ మడత మార్చకపోతే జరీ ఆ గీత వెంబడే విరుగుతుంది.