అన్నం, కబుర్లు, కథ, నిద్ర

ఈ పూట పిల్లల సాయంత్రాల గురించి మాట్లాడుకుందాం. మార్కుల గురించి, ర్యాంకుల గురించి చెప్పేవాళ్ళు మనకి చాలామందే ఉన్నారు. దీపాలు పెట్టిన దగ్గర్నుంచి పిల్లలు నిద్రపోయేదాకా ఇంట్లో ఏం జరుగుతుందన్నది మాత్రం ఎవరూ అంతగా పట్టించుకోరు. పిల్లల ఒంటికీ మనసుకీ కావలసినది చాలావరకు ఆ మూడు నాలుగు గంటల్లోనే దొరుకుతుందని నా గట్టి నమ్మకం.

మూడేళ్ళ పిల్లకి గడియారం చూడ్డం రాదు. అయినా వేళ తెలుస్తుంది. ఎలాగంటారా? కుక్కరు కూత వినిపిస్తే కాసేపట్లో అన్నమని తెలుసు. నాన్న బండి చప్పుడైతే తాళంచెవులు అందుకోవడం తన పని అని తెలుసు. నానమ్మ దోమతెర దించితే ఇక కథేనని తెలుసు. పెద్దవాళ్ళు రోజూ చేసే పనుల్లోంచే పిల్లలు పొద్దు పోల్చుకుంటారు. తర్వాత ఏం రాబోతోందో తెలిసిన పిల్లకి బెంగ తక్కువ, పేచీ తక్కువ. పడుకోమన్నది అమ్మ కోపంతో పెట్టిన ఆజ్ఞ కాదని, కథ అయ్యాక రోజూ జరిగేదే అదని ఆ పిల్లకి అర్థమవుతుంది. రోజూ రాత్రి మళ్ళీ మొదట్నుంచీ యుద్ధం చెయ్యక్కర్లేదు, తనకీ, మీకూ.

"మా ఇంట్లో టైముకి ఏదీ కుదరదండీ" అని మీలో చాలామంది అనబోతున్నారని నాకు తెలుసు. ఒకరిది షాపు, ఒకరిది షిఫ్టు డ్యూటీ, ఒకరికి ట్రాఫిక్‌లోనే రెండు గంటలు పోతాయి. అందుకే చెప్తున్నాను: టైము కన్నా ముందు వరస సంగతి చూడండి. అన్నం, కాసిని కబుర్లు, కాళ్ళూ చేతులూ కడుక్కోవడం, కథ, నిద్ర. ఒకరోజు ఇది ఏడున్నరకి మొదలవచ్చు, ఇంకోరోజు ఎనిమిదింటికి. కానీ దేని తర్వాత ఏది అన్నది మారకపోతే పిల్లలు ఆ అరగంట తేడాని తట్టుకుంటారు. వరస కుదిరాక టైము దానంతటదే దగ్గరికొస్తుంది.

ఇవి అమ్మమ్మల కాలం ముచ్చట్లని కొట్టిపారెయ్యడానికి లేదు. అమెరికాలో నాలుగేళ్ళ పిల్లలు 8,550 మంది వివరాలు తీసుకుని పరిశోధకులు లెక్కలు వేశారు. ఆ పరిశోధన 2010లో ‘పీడియాట్రిక్స్’ పత్రికలో వచ్చింది. వాళ్ళు చూసినవి మూడే అలవాట్లు: వారంలో ఐదు రాత్రుల కన్నా ఎక్కువ అందరూ కలిసి భోంచెయ్యడం, రాత్రి పదిన్నర గంటలైనా నిద్ర, టీవీలాంటివి రోజుకి రెండు గంటలు దాటకపోవడం. ఈ మూడూ ఉన్న ఇళ్ళ పిల్లల్లో స్థూలకాయం, మూడూ లేని ఇళ్ళ పిల్లలతో పోలిస్తే దాదాపు నలభై శాతం తక్కువగా కనిపించింది. ఇలాంటి లెక్కలు చూపించేది సంబంధాన్నే గాని, ఫలానా అలవాటు వల్లే ఇలా అయిందని తీర్పు చెప్పవు. అయినా ఆ మూడూ ఏమిటో చూశారా? వాటికి డబ్బు అక్కర్లేదు.

ముందు అన్నం సంగతి. చంటిపిల్లకి చందమామని చూపిస్తూ ముద్దలు పెట్టడం మనకి తరతరాల అలవాటు. ఇప్పుడు ఆ చోట ఫోను వచ్చి కూర్చుంది. రెండూ మరిపించడమే కదా అంటారేమో. కాదు. చందమామని చూపించేటప్పుడు అమ్మ మాట్లాడుతుంది, పిల్ల అమ్మ మొహం చూస్తుంది, వద్దన్నప్పుడు తల తిప్పుకుంటుంది, అమ్మకి అది తెలుస్తుంది. ఫోను చూస్తున్న పిల్ల ఏం తింటోందో, కడుపు నిండిందో లేదో గమనించుకోదు. నోరు తెరవడం ఒక్కటే మిగులుతుంది. ఆకలి తెలుసుకోవడం, చాలనుకోవడం కూడా నేర్చుకోవలసిన విద్యలే. వాటిని నేర్పేది రోజూ పెట్టే ఈ అన్నమే.

కాస్త పెద్ద పిల్లలకైతే కంచం చుట్టూ జరిగే కబుర్లే పెద్ద చదువు. ఇవాళ బళ్ళో ఎవరితో పోట్లాడారో, బీరకాయ ధర ఎందుకు పెరిగిందో, పెద్దమామయ్య పెళ్ళిలో భోజనాలప్పుడు వాన ఎలా పడిందో... ఇవన్నీ వింటూ పిల్లలు కొత్త మాటలు పట్టుకుంటారు. జరిగినదాన్ని మొదలూ చివరా ఉండేలా చెప్పడం నేర్చుకుంటారు. ఒకమాట మాత్రం గుర్తుపెట్టుకోండి. అన్నం దగ్గర మార్కులు అడక్కండి, చీవాట్లు పెట్టకండి. ముద్ద నోట్లో ఉండగా తిట్టు తిన్న పిల్లలకి అన్నం మీదా ఇష్టం పోతుంది, మన పక్కన కూర్చోవడం మీదా పోతుంది. కలిసి తినడంలో మేలంతా ఆ కలవడం హాయిగా ఉన్నప్పుడే.

ఇక నిద్ర. ఇక్కడ చిన్న లెక్క చేద్దాం. స్కూలు బస్సు ఏడుంబావుకి వస్తుంది. రెండో తరగతి పిల్లాడు ఆరింటికి లేవాలి. ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకి తొమ్మిది నుంచి పన్నెండు గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెప్తారు. తక్కువలో తక్కువ తొమ్మిది గంటలు అనుకున్నా రాత్రి తొమ్మిదికల్లా కళ్ళు మూతపడాలి. అంటే ఎనిమిదిన్నరకి పక్క ఎక్కాలి, ఎనిమిదిలోపు కంచం కడిగెయ్యాలి. మన ఇళ్ళల్లో తొమ్మిదింటికి ఏం జరుగుతోంది? సీరియల్ సగంలో ఉంటుంది, హోంవర్కు నోట్సు వాట్సాప్‌లో అప్పుడే వస్తుంది, అన్నం ఇంకా వడ్డించనే లేదు. పొద్దున్న లేవనని మొండికేసే పిల్లాణ్ణి బద్ధకస్తుడంటాం. పాపం, వాడికి ఇంకా తెల్లవారలేదు.

బ్రిటన్ అంతటా పదివేల మందికి పైగా పిల్లల్ని మూడు, ఐదు, ఏడేళ్ళ వయసుల్లో గమనించారు. 2013లో ఆ ఫలితాలు వచ్చాయి. పడుకునే వేళ రోజుకో రకంగా ఉన్న పిల్లల్లో చిరాకు, గొడవలు, కుదురు లేకపోవడం ఎక్కువగా కనిపించాయి. అమ్మలూ అదే చెప్పారు, టీచర్లూ అదే చెప్పారు. ఎన్ని ఏళ్ళు అలా సాగితే అంత ఎక్కువ. కానీ నాకు ఆ పరిశోధనలో బాగా నచ్చినది ఇంకొకటి ఉంది. మధ్యలో వేళ కుదుర్చుకున్న ఇళ్ళల్లో పిల్లల తీరు మెరుగైంది. ఇన్నాళ్ళూ కుదరలేదే అని ఎవరూ కుమిలిపోనక్కర్లేదు. ఎప్పుడు మొదలుపెట్టినా ఆలస్యం కాదు.

నిద్రకి ముందు వెలుతురు తగ్గించండి. చీకటి పడ్డాక మెదడులో మెలటోనిన్ ఊరుతుంది. ఇక పడుకో అని ఒంటికి కబురు పంపేది అదే. చిన్నపిల్లల కంటిపాపలు పెద్దవి, లోపలి కటకం తేటగా ఉంటుంది. అందుకని పెద్దవాళ్ళ కంటే వాళ్ళ కళ్ళలోకి వెలుగు ఎక్కువ వెళ్తుంది, ఆ కబురు ఆగిపోతుంది. ట్యూబులైటు ఆర్పి చిన్న బల్బు వెయ్యండి, ఫోను ఇంకో గదిలో పెట్టండి. మీ ఫోను కూడా.

పసిపిల్లల తల్లులకి ఒక మాట. 2009లో జోడీ మిండెల్ అనే నిద్ర నిపుణురాలి బృందం నాలుగు వందల మందికి పైగా అమ్మలని తీసుకుని, వాళ్ళలో కొందరితో ఒక పని చేయించింది. రాత్రి స్నానం, ఒంటికి మెత్తగా రాయడం, జోలపాటలాంటి నెమ్మది పని ఏదో ఒకటి, స్నానం అయిన అరగంటలోపు దీపం ఆర్పెయ్యడం. రెండు వారాల్లోనే పిల్లలు తొందరగా నిద్రపోవడం, మధ్యలో తక్కువసార్లు లేవడం కనిపించింది. దాంతోపాటు అమ్మల మనసు కూడా తేలికపడింది. కాళ్ళమీద పడుకోబెట్టుకుని నూనె రాసి నీళ్ళు పోసి, ఉయ్యాల్లో వేసి పాడిన మన ముసలమ్మలకి ఈ ఫలితం ఏమీ కొత్తగా అనిపించదు. అయితే పాతవన్నీ అలాగే పట్టుకోమని నేననడం లేదు. సాంబ్రాణి పొగ పసివాళ్ళ ఊపిరితిత్తులకి మంచిది కాదు, అది మానెయ్యండి. చెవుల్లో, ముక్కుల్లో నూనె పొయ్యకండి. చేతి స్పర్శనీ, పాటనీ, వేళనీ ఉంచుకోండి.

ఇవన్నీ చల్లగా సాగే ఇళ్ళకేనని అనుకోకండి. కష్టాల్లో ఉన్న ఇంటికే ఇవి మరీ అవసరం. 1980లో స్టీవెన్ వోలిన్, లిండా బెన్నెట్, వాళ్ళతో పనిచేసినవాళ్ళు తాగుడు సమస్య ఉన్న కుటుంబాలని అమెరికాలో పరిశీలించారు. తాగుడు ముదిరిన రోజుల్లో కూడా భోజనాలు, పండుగలు చెక్కుచెదరకుండా నిలబెట్టుకున్న ఇళ్ళల్లో ఆ వ్యసనం తర్వాతి తరానికి పాకడం తక్కువగా కనిపించింది. అన్నీ తలకిందులైపోయిన ఇళ్ళల్లో ఎక్కువగా పాకింది. చూసినవి కొద్ది కుటుంబాలే. అయినా ఆ మాట నన్ను వదల్లేదు. మన ఊళ్ళల్లో అలాంటి ఇళ్ళు ఎన్ని లేవు? భర్త ఏ స్థితిలో వచ్చినా పిల్లలకి వేళకి అన్నం పెట్టి, పక్కన కూర్చుని కథ చెప్పి పడుకోబెట్టే తల్లులు ఎందరు లేరు? అమ్మా, నువ్వు చేస్తున్నది చిన్న పని కాదు. నీ పిల్లల చుట్టూ నువ్వు గోడ కడుతున్నావు.

దూరాన ఉన్న నాన్నలకీ ఇందులో చోటుంది. జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల్లోని ఎన్నో ఇళ్ళల్లో తండ్రి గల్ఫ్‌లో ఉంటాడు. ఇక్కడ రాత్రి ఎనిమిదైతే దుబాయిలో ఆరున్నర. వీలు చిక్కినప్పుడల్లా చేసే పది ఫోన్ల కన్నా, రోజూ అన్నాలయ్యాక వచ్చే ఒక్క ఫోను పిల్లలకి ఎక్కువ బలం. ఎందుకంటే దానికోసం ఎదురుచూడొచ్చు. డాలస్‌లో ఉన్న మనవరాలికి వేసవిలో రాత్రి ఎనిమిదైతే విజయవాడలో మర్నాటి పొద్దున్న ఆరున్నర. అమ్మమ్మ కాఫీ తాగేసి కథ మొదలుపెట్టడానికి అంత కన్నా మంచి వేళ ఏముంటుంది? నిద్రముందు ఫోను వద్దన్నది నేనే. కానీ అవతల తనని పేరు పెట్టి పిలిచే అమ్మమ్మ ఉన్నప్పుడు ఆ పది నిమిషాలు వేరు.

ఎదిగే పిల్లల సంగతి చెప్పకపోతే కబురు పూర్తవదు. పద్నాలుగు, పదిహేనేళ్ళొచ్చేసరికి ఒంట్లోని నిద్రవేళే కాస్త వెనక్కి జరుగుతుంది. తొమ్మిదింటికి నిద్ర రావడం లేదంటే అది మొండితనం కాదు. వాళ్ళకీ ఎనిమిది నుంచి పది గంటల నిద్ర మాత్రం కావాలి. ఇంటర్మీడియట్ పిల్లల్ని తెల్లవారుజామున నాలుగింటికి లేపి, రాత్రి పదకొండింటిదాకా చదివించడం చూస్తే నా కడుపు తరుక్కుపోతుంది. చదివినది బుర్రలో స్థిరపడేదే నిద్రలో. ఆ వయసులో పడుకోబెట్టడం మన చేతిలో ఉండదు గాని, రాత్రి భోజనం మన చేతిలో ఉంది. వాళ్ళు మాట్లాడకపోయినా సరే, కంచం పక్కన కంచం వేసుకుని కూర్చోండి. చెప్పాలనిపించిన రోజున ఎక్కడ చెప్పాలో వాళ్ళకి తెలిసి ఉంటుంది.

పండుగలొస్తాయి, పెళ్ళిళ్ళొస్తాయి, సంక్రాంతి సెలవుల్లో పిల్లలు అర్ధరాత్రిదాకా పిన్నుల పిల్లలతో ఆడతారు. ఆడనివ్వండి. అది కూడా బాల్యమే. తిరిగొచ్చాక మళ్ళీ పాత వరసలోకి వస్తే చాలు. వరసని బెత్తంలా వాడితే అది చేసే మేలు పోతుంది.

ఈ భారమంతా అమ్మ నెత్తినే వెయ్యడం మాత్రం అన్యాయం. కథ నాన్న చెప్పొచ్చు. పక్కలు తాతయ్య వెయ్యొచ్చు. కంచాలు, మంచినీళ్ళు పెట్టే పని ఆరేళ్ళ పిల్లకి అప్పజెప్పండి. ఇంట్లో తనకంటూ ఒక పని ఉన్న పిల్ల, ఈ ఇంటికి తను కావాలని తెలుసుకుంటుంది.

కాబట్టి ఇవాళే అన్నీ మార్చెయ్యకండి. ఒక్కటి ఎంచుకోండి. కలిసి అన్నమో, పడుకునే ముందు ఒక చిన్న కథో. మీరు అలిసిపోయిన రోజున కూడా చెయ్యగలిగేది ఎంచుకోండి, ఎందుకంటే దాని విలువంతా ఆ రోజుల్లోనే తేలుతుంది. ఒక నెల నిలబెట్టండి. ఆ తర్వాత ఏదో ఒకరోజు మీరు మర్చిపోతే, పిల్లలే వచ్చి మీకు గుర్తుచేస్తారు. అది మీ ఇంట్లో వేళ్ళూనుకుందని అప్పుడు తెలుసుకోండి. రెండోది మొదలుపెట్టండి.