ఒక థీసిస్ విలువ

ఎయిడ్స్ మన దేశానికి రాదని గట్టిగా నమ్ముతున్న రోజుల్లో, మద్రాసు మెడికల్ కాలేజీ ప్రొఫెసర్ సునీతి సోలమన్ థీసిస్ కోసం దాన్నే వెతకమని తన విద్యార్థిని సెల్లప్పన్ నిర్మలకు చెప్పారు. సెక్స్ వర్కర్ల రక్త నమూనాలను నిర్మల 1986లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో పరీక్షిస్తే దేశంలో తొలిసారి హెచ్‌ఐవీ బయటపడింది. ఆ స్త్రీలలో నిర్బంధంలో ఉన్నవారికి కాదనే వీలెంత? అందుకే విద్యార్థులకు సూది పట్టడానికి ముందే సమ్మతి అడగడం నేర్పాలి.

నెల్లూరు ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2014లో మొదలైంది. ఇలాంటి కొత్త కాలేజీలో, డాక్టర్లే చాలనిచోట, విద్యార్థులకు పరిశోధన ఎందుకని కొందరంటారు. న్యాయమైన ప్రశ్నే. కానీ రోగం ఉందని తెలియకుండా వైద్యం ఎవరికి చేస్తాం? నెల్లూరు దగ్గరి కృష్ణపట్నం రేవుకొచ్చే లారీ డ్రైవరు హెచ్‌ఐవీ పరీక్షకు వెనకాడితే, ఎందుకో పాఠ్యపుస్తకంలో ఉండదు. లారీ పక్కన నిలబడి, ఓపిగ్గా అడిగిన విద్యార్థికే అతను చెబుతాడు.