జామకాయ కొరకడం

ఇంటర్మీడియెట్ విద్యార్థులకు వర్ణోత్పత్తి స్థానాలు బోధించేటప్పుడు నల్లబల్ల మీద ఒక ముఖరేఖ గీయడం నాకు అలవాటు. పెదవులు రెండూ కలిస్తే ‘ప’కారం, పై పళ్ళు కింది పెదవిని తాకితే ‘వ’కారం అని ఆ బొమ్మ మీద చూపుతాను. అందులో పై పళ్ళు కొద్దిగా ముందుకూ, కింది పళ్ళు వాటి వెనుకా ఉంటాయి. మా చెల్లెలి నోరు ఆ బొమ్మవలె ఉండేది కాదు.

ఆమెకు కింది దవడ ముందుకు పెరిగింది. నోరు మూస్తే కింది పళ్ళే పై పళ్ళకు ముందు నిలిచేవి. మేము ఇంట్లో ఉర్దూ మాట్లాడుకుంటాము. మేనత్తను ‘ఫూఫీ’ అనాలి. ఆ ‘ఫ’ కోసం మనమంతా పై పళ్ళను కింది పెదవికి ఆనిస్తే, ఆమె పై పెదవిని కింది పళ్ళకు ఆనించేది. వేసవి సెలవుల్లో తాడేపల్లిగూడెం నుంచి కొల్లేటి ఒడ్డున ఉన్న మేనత్తగారింటికి పోయినప్పుడు పిల్లలమంతా చుట్టూ చేరి ఆ మాట పదేపదే అనిపించి నవ్వేవాళ్ళం. అనిపించినవాళ్ళలో అందరికంటే పెద్దవాణ్ణి నేనే.

ఆమెకు ఇరవై రెండేళ్ళు వచ్చాక, 2021లో, వైద్యం సంగతి ఇంట్లో గట్టిగా చర్చకు వచ్చింది. అంతకుముందు ఒక పట్టణంలో ఒక దంతవైద్యుడు క్లిప్పులతోనే అంతా సరి అవుతుందని చెప్పి ఏడాది గడిపించాడు. ద్వారబంధమే ఒరిగినప్పుడు తలుపు చెక్కను ఎంత చిత్రిక పడితే మాత్రం ఏం లాభం? పళ్ళు మాత్రమే వంకరైతే తీగలు చాలు. రెండు దవడల ఎముకల పెరుగుదలలోనే పెద్ద తేడా ఉంటే, ఎముకను కూడా కదపాలి. ఈ భేదం మాకు ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు ఏలూరు దగ్గర దుగ్గిరాలలోనూ, భీమవరంలోనూ దంతవైద్య కళాశాలలు ఉన్నాయి. పళ్ళు సరిచేసే విభాగంవారూ, దవడ శస్త్రచికిత్స విభాగంవారూ ఒకే కప్పు కింద కూర్చుని రోగిని కలిసి చూడడం అటువంటి చోట్ల సాధ్యం. ఎక్కడికి వెళ్ళినా, ఈ రెండు విభాగాలవారూ మొదటి రోజునే మాట్లాడుకున్నారా అని విచారించడం మంచిది.

మేము వెళ్ళిన రోజున అబ్బా పెళ్ళి సంబంధాల ప్రస్తావన మొదలుపెట్టారు. శస్త్రవైద్యురాలు ఆయనను మర్యాదగానే ఆపి, “నీకేం కావాలమ్మా?” అని మా చెల్లెలిని అడిగింది. ఆమె చాలాసేపు ఆలోచించింది. “జామకాయ ముందు పళ్ళతో కొరకాలని ఉంది డాక్టరుగారూ” అన్నది. ఇరవై రెండేళ్ళుగా ఆమె పళ్ళెం పక్కన ఒక చిన్న చాకు ఉండేదన్న సంగతి అప్పుడు నాకు జ్ఞాపకం వచ్చింది. అది ఎందుకని మా ఇంట్లో ఎవ్వరమూ అడగలేదు.

పెరుగుదల పూర్తయితేనే ఈ చికిత్స. ఆడపిల్లలకు సుమారు పదహారు, పదిహేడేళ్ళు దాటాక, మగపిల్లలకు ఇంకా తరువాత. తొందరపడితే ఎముక మళ్ళీ పెరిగి శ్రమంతా వృథా కావచ్చు. ముందుగా ఏడాది, ఏడాదిన్నర క్లిప్పులు. అసలు పరీక్ష ఇక్కడే. దవడల తేడాను కప్పిపుచ్చడానికి పళ్ళు ఏళ్ళ తరబడి తమంతట తామే ఒరిగి ఉంటాయి. క్లిప్పులు వాటిని నిటారుగా నిలబెడతాయి. అప్పుడు తేడా మరింత పైకి కనబడుతుంది. అంటే, శస్త్రచికిత్సకు ముందు ముఖమూ, నమలడమూ మునుపటికంటే అధ్వాన్నమవుతాయి! వైద్యులు చెప్పారు, మేము విన్నాము, అయినా ఎనిమిదో నెలలో అమ్మీ ఏడ్చింది. నెలకోసారి పాసింజరు రైలులో భీమడోలు, దెందులూరు దాటుకుంటూ వెళ్ళే మా చెల్లెలు దుపట్టాతో నోరు కప్పుకుని కూర్చునేది. కింది జ్ఞానదంతాలు కూడా ఆ మధ్యలోనే తీసివేశారు.

దవడ ఎముకను కోసి సరిచేయడం నిన్న మొన్నటి విద్య కాదు. 1849లోనే అమెరికాలో హలిహెన్ అనే వైద్యుడు చేశాడు. ఇప్పుడు ఎక్కువగా అనుసరించే పద్ధతి, కింది దవడను ఇరువైపులా పొరలుగా చీల్చి జరిపేది, 1950లలో ఒబ్వెగెసర్ రూపొందించినది. మా చెల్లెలికి 2023 మార్చి మొదటి వారంలో రెండు దవడలకూ చేశారు. పైది కొంత ముందుకు, కిందిది వెనుకకు. కోతలన్నీ నోటి లోపలనే. చిన్న టైటానియం పలకలతో, మరలతో బిగించారు. అవి సాధారణంగా అలాగే ఉండిపోతాయి.

మూడో రోజున ఆమె ముఖం చూసి నేను గది బయటికి వచ్చేశాను. వాపు రెండు మూడు రోజుల వరకు పెరుగుతుందనీ, ఎక్కువ భాగం రెండు మూడు వారాల్లో తగ్గినా పూర్తిగా పోవడానికి నెలలు పడుతుందనీ ముందే విన్నాను. విన్నంత మాత్రాన కళ్ళు ఊరుకోవు. ముక్కు దిబ్బడ, తల ఎత్తుగా పెట్టుకుని నిద్ర, పళ్ళకు రబ్బరు బంధాలు. కొర్రమీను పులుసు వాసనకే ఆకలయ్యే కొల్లేటి పిల్ల, ఆ పులుసునే వడగట్టి సిరంజితో తాగింది. బరువు తగ్గింది. రెండో వారంలో, “నేనెందుకు చేయించుకున్నాను భయ్యా?” అని పలక మీద రాసి చూపింది. ఆ వారంలో చాలామందికి అటువంటి దిగులు కలుగుతుందని నర్సు చెప్పింది. ఇంటివాళ్ళు దానికి సిద్ధంగా ఉండాలి. మార్చి చివర రంజాన్ వచ్చింది. రోగికి ఉపవాసం తప్పనిసరి కాదు గదా. ఆ రోజాలు ఆమె తరువాత, పగళ్ళు పొట్టిగా ఉండే చలికాలంలో తీర్చుకున్నది. ఈద్ నాటికి ఏడు వారాలు. మెత్తగా ఉడికిన సేమ్యా చెంచాతో తిన్నది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోకుండా, ముందే తెలుసుకోవలసిన మాట ఇంకొకటి ఉంది. కింది పెదవికి స్పర్శనిచ్చే నరం ఆ చీల్చే ఎముకలోనే పోతుంది. శస్త్రచికిత్స తరువాత దాదాపు అందరికీ కొన్నాళ్ళు తిమ్మిరి ఉంటుంది. చాలామందికి నెలల్లో తగ్గుతుంది, కొందరికి కొంత మిగులుతుంది. రక్తస్రావం, చీము పట్టడం, దవడ కొంత వెనుకటి చోటికి జరగడం, అరుదుగా రెండోసారి శస్త్రచికిత్స అవసరం కావడం కూడా జరగవచ్చు. సంతకం పెట్టే ముందు వీటిని రోగే స్వయంగా, తనకు అర్థమయ్యే భాషలో అడగాలి. అన్నగారు పక్కన నిలబడి తలూపితే చాలదు.

నవంబరులో క్లిప్పులు తీసేశారు. పళ్ళు కదలకుండా రాత్రుళ్ళు పెట్టుకునే రిటైనరు ఇంకా ఉంది. పెదవి ఎడమ మూల ఈనాటికీ ఆమెకు పూర్తి స్పర్శ లేదు. టీ తాగిన ప్రతిసారీ అక్కడ రుమాలు కొసతో ఒకసారి తుడుచుకుంటుంది, ఏమైనా అంటిందో లేదో తెలియక. ఈ సంక్రాంతి సెలవుల్లో మేనత్తగారింటికి వెళ్ళాము. పెరట్లో జామచెట్టు కింద నిలబడి ఒక దోరకాయ కొరికి, నమిలి, గింజలు ఉమ్మి, లోపలికి చూసి ‘ఫూఫీ’ అని కేకవేసింది. పై పళ్ళే కింది పెదవికి ఆనాయి. నేను వరండాలో ఉన్నాను. చిన్నప్పటి సంగతి ఆమె ఎన్నడూ ఎత్తలేదు. ఆ మధ్యాహ్నం నేనే ఎత్తాను. ఆమె జామకాయ రెండో ముక్క కొరుకుతూ, “నువ్వే ఎక్కువసార్లు అనిపించావు” అన్నది.