తిత్తిలో ఊపిరి

హార్మోనియం అనగానే ఈనాడు స్ఫురించేది ఎడమచేత తిత్తిని ఊపుతూ కుడిచేత మెట్లు నొక్కే చిన్నపెట్టె. కాని 1842లో పారిస్‌లో అలెగ్జాండర్ దెబెన్ పేటెంటు పొందిన హార్మోనియాన్ని కాళ్ళతో తొక్కవలసి ఉండేది. నేలమీద కూర్చుండి పాడే మన అలవాటుకు అనువుగా దానిని చేతిపెట్టెగా మలచిన కీర్తి, 1875లో ద్వారకానాథ్ ఘోష్ కలకత్తాలో నెలకొల్పిన ద్వార్కిన్ సంస్థకు దక్కింది. అయినా తెలుగు పద్యనాటకరంగం మాత్రం తొక్కుడుపెట్టెను వదలలేదు. రెండు చేతులూ మెట్లమీదనే ఉంటే గదా నటుడి రాగాన్ని నీడలా వెంబడించడం సాధ్యమయ్యేది!

అటువంటి పెట్టె ఒకటి హౌరాలోని ఒక తెలుగు ఇంట ఉన్నది. శ్రీకాకుళం ప్రాంతంనుంచి రైల్వే కొలువుకు వచ్చి అక్కడే స్థిరపడిన కుటుంబమది. ఇంటి పెద్దకు డెబ్బయ్యేళ్ళు దాటాయి. ఉగాదికి తెలుగువారందరూ కలసి తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగ విజయాల’ నుంచి పడకసీను ఆడ నిశ్చయించారు. హార్మోనియం ఆయనదే. పెట్టె చూడబోతే పద్యం నడుమ నీరసపడి పోతున్నది. అరగంట తొక్కేసరికి ఆయన మోకాళ్ళు మొరాయిస్తున్నాయి.

ఇంజనీరైన కుమార్తె చిన్న మోటారుతో గాలి పంపే ఏర్పాటు చేసింది. స్వరం ఎక్కడా తగ్గలేదు. “ఇక మీరు తొక్కనక్కరలేదు, నాన్నగారూ” అన్నది. ఆయన ఒక పద్యం వాయించి చూచి, “పలుకుతున్నదమ్మా, కాని పాడడం లేదు” అన్నాడు.

అది వట్టి మొండితనం కాదు. కాలు గట్టిగా ఊనితే నాదం ఉబుకుతుంది, సడలిస్తే అణగుతుంది. మేలురకం పెట్టెల్లో నిలవతిత్తిని పక్కకు తప్పించి పాదాల ఒత్తిడిని సూటిగా ఇత్తడి రీడ్లకు చేర్చే మీట కూడా ఉంటుంది. కాగితపు చుట్టలోని రంధ్రాలే స్వరాలను నిర్ణయించే పియనోలాలో సైతం హెచ్చుతగ్గులు చాలామటుకు తొక్కేవాని పాదాల్లోనే ఉంటాయి. అక్కడ తిత్తులు గాలిని లోపలికి పీలుస్తాయి, ఇక్కడ బయటికి నెడతాయి. తేడా అంతే.

మోటారు తీసి, తండ్రీ కూతుళ్ళు కలసి పెట్టె విప్పారు. ముందుగా తిత్తిని నింపి, మెట్లు తాకకుండా వదిలారు. ఇరవై లెక్కపెట్టేలోపలే అది కుంగిపోయింది. అగరువత్తి పొగను మడతల వెంబడి నడిపిస్తే రెండుచోట్ల చెదిరింది. అక్కడ గుడ్డ పిగిలి ఉన్నది. అసలు దొంగ మాత్రం లోపల దాగింది. పెడలుకింది తిత్తికి గాలిని ఒకవైపే పోనిచ్చే తోలురెక్క ఒకటి గంగ ఒడ్డున ఎన్ని వానకాలాల చెమ్మ తిన్నదో, బిరుసెక్కి అంచులు పైకి లేచాయి. తొక్కిన గాలిలో సగం వచ్చినదారినే పోతున్నది. మోకాళ్ళను అన్నన్ని మాటలనడం అన్యాయమే!

మెత్తని గొర్రెతోలు కోసి, నునుపు లేని వైపు చెక్కకు ఆనేటట్టు కొత్త రెక్క అమర్చారు. మడతలకు కొత్తగుడ్డ అతకడానికి ఆమె బజారునుంచి కొత్తరకం జిగురు తెచ్చింది. ఆయన ఒప్పుకొనక వడ్రంగులు కాచే సరేసే వాడించాడు. సరేసు వేడికీ తడికీ కరిగి ఊడివస్తుంది. మరో ముప్పై ఏళ్ళకు ఈ పెట్టెను విప్పేవాడికి చెక్క చీల్చే అగత్యం ఉండరాదు గదా! సాగిపోయిన నాడాలు బిగించి, పెడలు దిగే దూరాన్ని ఆయన కాలికి సరిపోయేటట్టు తగ్గించారు. స్ప్రింగు మార్చుదామన్న ఆలోచన మాత్రం మానుకొన్నారు. బిరుసు స్ప్రింగు వేస్తే నాదం పెరిగినా కాలికి భారమూ పెరుగుతుంది.

ఈమారు నూరు లెక్కపెట్టినా తిత్తి నిలిచింది. మిగిలింది కుడి పెడలు కీచుమనడం. నూనె వేస్తే తోలుకు పాకుతుందని, పెన్సిలు ముల్లు అరగదీసి ఆ పొడి కీలులో వేశారు. ఉగాదికి ఇంకా పదకొండు రోజులున్నాయి. ఆయన రోజూ సాయంత్రం గంటసేపు తొక్కుతున్నాడు.