రంగు నిలవాలంటే

తెలుగు లెక్చరరును గనక మా పిల్లలు నన్ను ఛందస్సులో సందేహాలు అడుగుతారని మీరనుకోవచ్చు. అడుగుతారు, పరీక్షల ముందు. మిగిలిన ఏడాదంతా ఆడపిల్లల ప్రశ్న ఒక్కటే: "మేడమ్, మీ లిప్‌స్టిక్కు సాయంత్రం దాకా ఎలా నిలుస్తుందండీ?"

"తెలుగు చెప్పే ఆవిడకు మూతికి రంగేమిటి?" అని ముక్కు విరిచేవారూ లేకపోలేదు. నాయికల పెదవులను దొండపండుతో పోల్చి తరతరాలుగా మురిసిపోయింది మన కవులే కదా! ఆ పండు ఎన్ని గంటలు ఎర్రగా ఉండాలో మాత్రం వారు చెప్పలేదు. నందిగాంలో బస్సెక్కి టెక్కలి దాకా నిలబడి వెళ్ళే అవస్థ వారికి లేదు మరి.

లిప్‌స్టిక్కు అంటే ముఖ్యంగా మైనం, నూనె, రంగు. నూనెను నూనె కరిగిస్తుంది. అందుకే ఆవకాయ ముద్ద నోట పెట్టగానే రంగు కాస్తా కడుపులోకి పోతుంది. మా ఉద్దానం వైపు సముద్రపు గాలికి చెమట సరేసరి.

ఉపాయం చెబుతాను వినండి. తడిగుడ్డతో పెదవులను మెల్లగా రుద్ది పొట్టు తీసేయాలి. కాస్త వెన్న రాసి, పది నిమిషాలాగి, జిడ్డు మిగలకుండా తుడవాలి. చాలామంది మరిచిపోయేది ఈ తుడవడమే. రంగు పెన్సిలుతో అంచు గీసి, లోపల కూడా దానితోనే నింపి, పైన లిప్‌స్టిక్కు ఒక్క పూత పలచగా వేయాలి. కాగితం రుమాలును పెదవుల మధ్య అదిమి తీయాలి. ఇంకొక పలచని రుమాలు పెదవుల మీద పరిచి, పైనుంచి కొద్దిగా పౌడరు అద్దాలి. ఆపైన రెండో పూత. మందంగా ఒక్కసారి పూసినదానికంటే పలచగా రెండుసార్లు పూసినదే నిలుస్తుంది. గోడ సున్నానికీ ఇదే సూత్రం సుమా! రాత్రి పడుకోబోయే ముందు కొబ్బరినూనెతో తుడిచేసుకోవాలి.

మన అమ్మమ్మలకు ఈ తంటా లేదు. తాంబూలపు ఎరుపు పూత కాదు, మరక. 1950లో అమెరికాలో హేజెల్ బిషప్ అనే రసాయన శాస్త్రవేత్త తెచ్చిన చెరగని లిప్‌స్టిక్కు కిటుకూ ఇదే: పైన కూర్చునే రంగు కాక, చర్మానికి పట్టే రంగు. అలాగని వక్క నమలమనను. అది నోటి క్యాన్సరుకు దారితీస్తుందని శాస్త్రజ్ఞులు తేల్చారు.

పోయిన పెళ్ళిళ్ళ ముహూర్తాల్లో ఒక విద్యార్థిని, పిన్ని కూతురి పెళ్ళికని ఈ ఉపాయం అడగడానికి తల్లిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఆ తల్లి పలాసలో జీడిపిక్కలు కోసే పనికి వెళుతుంది. పిక్క తొక్కలోని జీడి చర్మాన్ని పొక్కిస్తుంది, నల్లని మరకలు వేస్తుంది. ఆముదం రాసుకుని పని చేసినా మరక పడక మానదు. నేను చెప్పిందంతా విని, ఆమె తన చేతులు చూసుకుని నవ్వింది.

"ఏటోనమ్మా! నా సేతికంటింది పోదు, దీని మూతికి రాసింది నిలవదు."

నాకు నవ్వు రాలేదు. లిప్‌స్టిక్కుకు నిగనిగ తెచ్చేదీ ఆ ఆముదమే. అది కరగకుండా కాసే కార్నౌబా మైనం ఈశాన్య బ్రెజిల్‌లోని ఒక తాటిజాతి చెట్టు ఆకులది. మన జీడిమామిడికి పుట్టిల్లూ ఆ దేశమే. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు ఇక్కడికి తెచ్చారు. తల్లి చేతికీ కూతురి పెదవికీ ఎంత చుట్టరికం!

ఆ పిల్ల తల వంచుకుని మెల్లగా అన్నది: "అమ్మ పెళ్ళికి రానంటోంది మేడమ్. చేతులు చూస్తారని."

"చూడనీ తల్లీ," అన్నాను ఆమెతో. "మా రంగులు మేం కోరి పూసుకున్నవి. నీ చేతి మరక ఈ పిల్లను కాలేజీ దాకా తెచ్చింది. పనిలో మాత్రం తొడుగులు అడిగి వేసుకో. కొత్త మరక పడకపోతే పాతది చర్మంతోపాటు మెల్లగా ఊడిపోతుంది."

ఆమె జవాబు చెప్పలేదు. కూతురు ఆ చెయ్యి పట్టుకునే మెట్లు దిగింది.

పెళ్ళికి ఇద్దరూ వెళ్ళారట. రంగు తలంబ్రాలు దాటి భోజనాల దాకా నిలిచి, పనసకాయ కూర దగ్గర ఓడిపోయిందట. పంక్తి పొడుగునా నెయ్యి వడ్డించింది మాత్రం ఆ తల్లేనట.