మా ఫౌజీ చిచ్చా

ధర్పల్లిల మా చిచ్చాను పేరు పెట్టి పిలిచినోళ్లు తక్కువ. ఊరికి ఫౌజీ సాబు, మొహల్లాకు ఫౌజీ భాయ్, మాకు ఫౌజీ చిచ్చా. ఇంతికాల్ అయి మూడేండ్లయింది. ఇప్పటికీ ఆ ఇంటికి తొవ్వ అడిగితే "ఫౌజీ ఇల్లా?" అనే అంటరు.

చిచ్చా పుట్టింది 1948ల, పోలీస్ యాక్షన్ సాల్. మా దిక్కు ముసల్మాన్ ఇండ్లల్ల వయసు లెక్కలన్నీ ఆ సాల్ తోటే. ఆ సెప్టెంబర్ల దాదీమా ఆర్నెల్ల పిల్లగాణ్ని సంకనేసుకొని మక్కచేన్ల దాక్కున్నదట. ఏడిస్తే వినపడ్తదని నోట్లె కొంగు పెట్టిందట. 1966ల అదే పిల్లగాడు ఫౌజ్‌ల చేరుతనంటే రెండు దినాలు ముద్ద ముట్టలేదు. హైదరాబాద్ మీదికి వచ్చిన ఫౌజే గద అది! దాదా మాత్రం "భూమి లేదు, నౌక్రీ లేదు, పోనియ్" అన్నడు.

చిచ్చా ఈ మాట ఎప్పుడూ దాచిపెట్టలే. "పేట్ కోసం పోయిన బేటా. మొహబ్బత్ బాద్‌ల అయింది" అనేటోడు.

గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌ల ట్రైనింగ్. 1971 డిసెంబర్ 3న జంగ్ షురూ అయ్యేటప్పటికి పడమటి సరిహద్దుల, శకర్‌గఢ్ సెక్టార్‌ల ఉన్నడు. ఇక్కడ మన జిల్లాల బోధన్ పక్కన శక్కర్‌నగర్. 1937ల నిజాం జమానాల పెట్టిన చక్కెర ఫ్యాక్టరీ ఊరు. అక్కడ పాకిస్తాన్ పంజాబ్‌ల శకర్‌గఢ్. "శక్కర్ తిని పెరిగినోడు శకర్‌గఢ్ మీద గోలాలు ఏసిండు" అని తన మీద తనే నవ్వుకునేటోడు.

చిచ్చాది 25 పౌండర్ తోపు. ఒక్కో గోలా 11 కిలోల పైమాట. తోపు కాడ ఆరుగురు. ఒకడు అందియ్యాలె, ఒకడు నింపాలె, ఒకడు నిషానా చూడాలె. నిషానా అంటే దుష్మన్ కాదు, అంకెలు. దుష్మన్‌ను చూసేటి ఆఫీసర్ ఎక్కడనో ముందల ఉంటడు. ఆయన వైర్‌లెస్‌ల అంకెలు చెప్తడు, వీళ్లు తోపు తిప్పుతరు. గోలా పోయి పది పన్నెండు కిలోమీటర్ల అవతల పడ్తది.

"సినిమాల చూపించేది నా జంగ్ కాదు. నేను ఎవర్ని చంపిన్నో నాకు ఎరుక లేదు. గదే బరువు" అనేటోడు.

ఆ సెక్టార్‌లనే బసంతర్ నది కాడ 21 యేండ్ల అరుణ్ ఖేత్రపాల్ డిసెంబర్ 16న షహీద్ అయిండు. అదే దినం ఢాకాల పాకిస్తాన్ ఫౌజ్ హత్యార్లు కింద పెట్టింది. మరునాడు రాత్రి 8 గంటలకు పడమటి దిక్కు కూడా కాల్పులు ఆగినయి.

అందరి జంగ్ ఖిస్సాలు అక్కడ అయిపోతయి. చిచ్చా ఖిస్సా అక్కడ మొదలయితుండె. శకర్‌గఢ్ దిక్కు మన ఫౌజ్ పట్టిన జమీన్, 1972 జులైల సిమ్లా ఒప్పందం అయినంక, ఆ డిసెంబర్‌ల గాని వాపస్ పోలే. ఆ యేడాది చిచ్చా ఒక ఖాళీ ఊరికి కాపలా. పొయ్యి మీద గిన్నె అట్లనే ఉన్నది. తీగ మీద పిల్లల అంగీలు. ఊరి బయట చెరుకు, కొట్టేటోడు లేక నిలబడే ఎండింది. "ఆ చెరుకు జూస్తే మన బోధన్ యాదికొచ్చి గొంతుల పడ్డది" అనేటోడు.

ఊర్ల చిన్న మసీద్. తాఖ్‌ల ఖురాన్, మీద దుమ్ము. జుమ్మా జుమ్మాకు చిచ్చా పోయి ఊడ్చేటోడు, తోపు కాడి తమిళ దోస్తు బొక్కెనతోటి నీళ్లు తెచ్చేటోడు. వాపస్ వచ్చే దినం ఖురాన్‌ను తన కొత్త తువ్వాలల చుట్టి తాఖ్‌ల పెట్టిండు. "ఆ ఇంటోళ్లు తిరిగొస్తే, ఎవడో నమాజీ కూడ వచ్చిపోయిండని తెల్వాలె గద" అన్నడు నాతోని.

1983ల రిటైరయి చెరుకు సీజన్లకు బోధన్ దిక్కు వాచ్‌మన్ పని చేసిండు. ఉర్దూ మీడియం చదివిన నేను డిగ్రీల తెలుగు తీసుకుంటనంటే మొహల్లా నవ్వింది. చిచ్చా ఒక్కడే "తీస్కో బేటా. మన బాత్ పడోసీకి వాని జబాన్‌ల మనం చెప్పకుంటే, ఇంకెవడో చెప్తడు" అన్నడు.

నేను పేపర్ల చేరినంక ఒక జనవరి 26కు డెస్క్‌ల చిచ్చా మీద కథనం అడిగిండ్రు. మెడల్స్‌తోటి ఫొటో కావాలె, హెడ్డింగ్‌ల "ముస్లిం జవాన్" అని రావాలె. పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్ రెండూ సందుకల ఉన్నయి. చిచ్చా అంతా విని ఒక్కటే సవాల్ చేసిండు: "పక్క ఊర్ల నా తోటి రిటైరయినోడు ఉన్నడు. వానికి హిందూ జవాన్ అని పెడ్తరా?"

ఆ కథనం రాలే. సందుక తెరవలే.

జల్సాలల్ల, టీవీ బహస్‌లల్ల మనోళ్లు బ్రిగేడియర్ ఉస్మాన్ పేరు చెప్తరు, 1965 జంగ్‌ల పరమవీర చక్ర పొందిన అబ్దుల్ హమీద్ పేరు చెప్తరు. ఫఖర్‌తోటి చెప్తే మంచిదే. కాని ఎవడో వఫాదారీ సబూత్ అడిగితే షహీదుల పేర్లు రసీదుల లెక్క తీసి చూపిస్తున్నం. చిచ్చాకు ఇది నచ్చకపోయేది. ఒకసారి బయటి అర్ర దిక్కు చెయ్యి చూపిచ్చి అన్నడు: "అగో, మీ చాచీ నలభై ఏండ్ల సంది బీడీలు చుడుతున్నది. ఆమె కాడ మెడల్ లేదు. ఆమె వతన్ వేరేనా?"

జనాజా లేసిన దినం ఆ పక్క ఊరి దోస్తు వచ్చిండు. కర్రపోటు మీద నడుస్తడు, అయినా కంధా ఇచ్చిండు. కబ్రస్తాన్ల మేము ఎట్ల చేస్తే అట్ల చూసి మూడు పిడికెళ్ల మట్టి ఏసిండు. ఎనుకకు జరిగి నిటారుగ నిలబడి సెల్యూట్ కొట్టిండు. ఎవ్వరూ ఫొటో తియ్యలే.

పెన్షన్ ఇప్పుడు చాచీకి వస్తది. కాగితం మీద చిచ్చా నంబర్, ర్యాంక్, పేరు, అంతే ఉన్నయి. నెలకోసారి బ్యాంక్‌కు పోయొచ్చి, చాట ముందలేసుకొని మళ్ల బీడీలు చుడుతది.